తంతి తాళము నుండి క్లాకు పల్సు వరకు

భజనలో పదిమంది కూర్చుండి పాడునప్పుడు ఒకరి చేతిలో తాళములుండును. పాట అందరికిని తెలిసినదే, గొంతులును మంచివే. ఐనను ఆ రెండు కంచు బిళ్లలు తప్పినచో పాట చెడును. పాటలోని మాట ఎంత ముఖ్యమో, ఆ మాట పడవలసిన క్షణమును అంత ముఖ్యము. విద్యుత్తుచే వార్తలు పంపు విద్యలోను, లెక్కలు చేయు యంత్రముల విద్యలోను ఈ సత్యమే గోచరించును. నేడు ప్రతి గణనయంత్రమునందును, మన చేతిలోని ఫోనునందును ఒక చిన్న స్ఫటికము సెకనునకు కోట్ల పర్యాయములు కంపించుచు తాళము వేయుచున్నది. ఆ తాళమును ఇంజనీర్లు క్లాకు అనియు, దాని ఒక్కొక్క దెబ్బను క్లాకు పల్సు అనియు పిలుతురు.

ఈ తాళము అకస్మాత్తుగా పుట్టినది కాదు. దాని వెనుక రెండువందల యేండ్ల చరిత్ర కలదు. అందు పెక్కు భాగము తంతి కార్యాలయములలోనే నడచినది. తంతి, రైల్వే, వాతావరణ శాఖల వంటి కొలువులలో జీవితము గడపిన కుటుంబములకు ఇది పరాయి కథ కాదు. దీనిని చదువునప్పుడు ఒక ప్రశ్నను మనస్సున నుంచుకొనవలెను. తాళము ఒకటి కావలెననుట నిశ్చయము. మరి దానికి లోబడవలసినది ఎవరు? మనిషియా, యంత్రమా? ఒక్కొక్క తరము ఈ ప్రశ్నకు ఒక్కొక్క సమాధానము నిచ్చినది.

చిక్కు ఎచ్చట నున్నది?

తీగలో రెండే స్థితులున్నవని భావింతము: విద్యుత్తు ఉండుట, లేకుండుట. ఉన్నచో ఒకటి, లేనిచో సున్న అని పేరు పెట్టుదము. పంపువాడు "ఒకటి, సున్న, సున్న, సున్న, ఒకటి" అని పంపినాడు. అందుకొనువానికి కనబడున దేమి? కొంతసేపు విద్యుత్తు, తరువాత కొంతసేపు నిశ్శబ్దము, మరల విద్యుత్తు. ఆ నిశ్శబ్దము ఒక సున్నయా, మూడు సున్నలా, నాలుగా? తీగ చెప్పదు. ఒక్కొక్క గుర్తుకు ఎంత కాలము కేటాయింపబడినదో, ఏ క్షణమున తీగవంక చూడవలెనో తెలిసినగాని ఆ వార్త బోధపడదు.

మోర్సు తంతిలో ఈ చిక్కు పైకి కనబడలేదు. ఏలయన, అచ్చట గడియారము మనిషి చెవియే. ఆవలి ఉద్యోగి నిదానముగా పంపిన చెవి నిదానించును, తొందరపడిన తొందరపడును. ఒక అక్షరము సరిగా వినబడకున్నను ముందు వెనుకల మాటలను బట్టి అర్థము కుదుర్చుకొనును. మనిషి స్థానమున యంత్రము వార్తను చదువ నారంభించిన నాటి నుండియే తాళము సమస్యయైనది. యంత్రమునకు ఊహ లేదు. చెప్పిన క్షణమున చూచును, చూచిన దానినే నమ్మును.

వేళను తీగమీద పంపుట మన దేశమునకు క్రొత్త కాదు. మదరాసు నక్షత్రశాలలో లెక్కించిన వేళ 19వ శతాబ్ది ఉత్తరార్ధమున తంతి ద్వారా దేశములోని కార్యాలయములకు అందుచుండెను. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చు వరకు మన రైళ్లు ఆ మదరాసు వేళను అనుసరించియే నడచినవి. ఐతే రైలు వేళలో నిమిషము తేడా వచ్చినను ప్రయాణికుడు ఫ్లాటుఫారము మీద వేచియుండును. యంత్రము చదువు అక్షరము అట్లు వేచియుండదు. సెకనులో యాబదవ వంతు తప్పినను ఒక అక్షరము మరియొక అక్షరమగును.

రెండు గడియారముల తోట

విచిత్రమేమనగా, పని చేసిన తొలి విద్యుత్ తంతులలో ఒకటి పూర్తిగా తాళము మీదనే ఆధారపడినది. 1816లో లండను సమీపమునగల హామర్‌స్మిత్‌లో ఫ్రాన్సిస్ రోనాల్డ్సు తన తోటలో చట్రములు నిలిపి, వానిపై ఎనిమిది మైళ్ల తీగను అటునిటు సాగదీసెను. తీగ రెండు కొనల యందును ఒక్కొక్క గడియారపు యంత్రము కలదు. అది అక్షరములు వ్రాసిన పళ్లెరమును తిప్పును. పళ్లెరముపై కప్పిన మూతలోని చిన్న కంత గుండ ఒక్కసారి ఒక్క అక్షరమే కనబడును. తీగకు విద్యుత్తు ఎక్కించియున్నంత సేపు ఆవలి కొనయందు వ్రేలాడు రెండు బెండు గుండ్లు ఎడముగా నిలుచును. కావలసిన అక్షరము కంతకు ఎదురుగా వచ్చిన క్షణమున పంపువాడు తీగలోని విద్యుత్తును దింపివేయును, గుండ్లు దగ్గరపడును. అందుకొనువాడు ఆ క్షణమున తన కంతలో కనబడిన అక్షరమును వ్రాసికొనును. ఇందు అక్షరము తీగలో ప్రయాణము చేయలేదు. ప్రయాణము చేసినది క్షణము మాత్రమే.

రోనాల్డ్సు తన యంత్రమును బ్రిటిషు నౌకాశాఖకు సమర్పింపగా, ఏ విధమైన తంతియు ఇక అవసరము లేదని సమాధానము వచ్చెను. నెపోలియనుతో యుద్ధము ముగిసి అప్పటికి ఒక్క యేడే గడచినది. ఆయన ఆ పనిని విడిచిపెట్టి 1823లో గ్రంథముగా ప్రకటించెను. 1870లో, వార్ధక్యమున, ఆయనకు సర్ బిరుదము లభించెను.

రోనాల్డ్సు గడియారములకు ఒక లోపము కలదు. రెండును ఒక్కసారి కలిపి విడిచిన పిదప ఒకదానిని మరియొకటి సరిదిద్దు ఉపాయము చాలదు. 1855లో డేవిడ్ హ్యూజు నిర్మించిన అచ్చు తంతిలో ఆ ఉపాయము వచ్చినది. హ్యూజు అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున సంగీతాచార్యుడుగా పని చేసినవాడు. ఆయన యంత్రమునకు పియానో వంటి మీటలుండుట ఆశ్చర్యము కాదు. రెండు చోట్లను అక్షరచక్రములు ఒకే వేగముతో తిరుగును. ఒక్కొక్క అక్షరమునకు ఒక్క విద్యుత్ స్పందమే వచ్చును. ఆ స్పందము వచ్చిన క్షణమున క్రిందనున్న అక్షరమే కాగితముపై అచ్చగును. అచ్చగునప్పుడే చక్రము కొంచెము ముందున్నను వెనుకనున్నను సరియైన స్థానమునకు నెట్టబడును. వార్తయే తాళమును దిద్దుచున్నది. ఈ సూత్రమును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. నూరేండ్ల తరువాత అది మరల మనకు ఎదురగును.

బోదో, ఐదు మీటలు

ఎమిల్ బోదో 1845లో ఫ్రాన్సు దేశమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. ప్రాథమిక పాఠశాలకు మించిన చదువు ఆయనకు లేదు. 1869లో తంతి శాఖలో చిన్న ఉద్యోగిగా చేరి హ్యూజు యంత్రముపై పని నేర్చెను. దాని ముందు కూర్చుండి ఆయన గమనించిన దొకటి కలదు: ఎంత చురుకైన ఉద్యోగియైనను తీగను పూర్తిగా వాడలేడు. మనిషి వ్రేలు అక్షరమునకై వెదకుచున్నంత సేపు వేలకొలది రూకలు పోసి వేసిన తీగ ఊరకయుండును. ఆ వ్యర్థకాలమును వంతులవారీగా పలువురికి పంచియిచ్చిన నెట్లుండును? ఆయన తన తీరిక వేళలలో శ్రమించి 1874లో తన పద్ధతికి పేటెంటు పొందెను. 1877లో అది పారిస్, బోర్దో నగరముల నడుమ వాడుకలోనికి వచ్చెను. మరుసటి యేట పారిస్ ప్రదర్శనమున దానికి బంగారు పతకము లభించెను.

బోదో ప్రతి అక్షరమునకును సమానకాలముగల ఐదు గుర్తులను నిర్ణయించెను. ఒక్కొక్క గుర్తు ఉండవచ్చును, లేక పోవచ్చును. కావున 32 విధములగు కలయికలు లభించును. అక్షరములకును అంకెలకును అదే కలయికను మార్చిమార్చి వాడుటచే అవి చాలును. తీగ రెండు కొనలయందును ఒక లోహపు వలయము, దానిపై నిమిషమునకు సుమారు 180 చుట్లు తిరుగు కుంచె వంటి లోహపు స్పర్శకము ఉండును. వలయమును భాగములుగా కోసి, ఒక్కొక్క ఉద్యోగికి ఐదు భాగములు కేటాయింతురు. స్పర్శకము ఒక్క చుట్టు తిరుగు లోపల నలుగురు ఉద్యోగుల నాలుగు అక్షరములు ఒకే తీగమీద వరుసగా దాటిపోవును. నేడు టెలిఫోను శాఖవారు ఒకే కేబులుపై అనేక సంభాషణలను కాలభాగములుగా పంచి పంపుచున్నారన్నచో, దానికి మూలము ఇదియే.

ఇది జరుగవలెనన్నచో వందల మైళ్ల దూరమున నున్న రెండు స్పర్శకములును ఒకే క్షణమున ఒకే భాగముపై నుండవలెను. అందులకు వలయములో కొంత భాగమును దిద్దుబాటుకు ప్రత్యేకించిరి. అందుకొను స్పర్శకమును కావలెననియే ఒక్క రవ్వ వేగముగా తిరుగనిత్తురు. అది ముందుకు పోయినప్పుడెల్ల దిద్దుబాటు స్పందము తగిలి వెనుకకు లాగును. తొందరపాటు గుఱ్ఱమునకు కళ్లెము తగిలించినట్లు, తప్పు ఎల్లప్పుడు ఒకే వైపునకు పోవునట్లు చేసి, ఆ వైపు నుండియే దిద్దుట బోదో యుక్తి.

ఇంతవరకు యంత్రము సంగతి. ఇక మనిషి సంగతి. ఉద్యోగి ముందు ఐదే మీటలుండెను: కుడిచేతికి మూడు, ఎడమచేతికి రెండు. అక్షరమునకు కావలసిన మీటలను ఒక్కపెట్టున నొక్కవలెను. స్పర్శకము అతని భాగమును దాటిన వెంటనే ఆ మీటలు విడివడును; 'టిక్కు'మని ఒక చప్పుడు వినబడును. ఆ చప్పుడునకును తరువాతి చప్పుడునకును నడుమ మరుసటి అక్షరమును సిద్ధము చేయవలెను. ముందు నొక్కుట తప్పు, ఆలసించుట తప్పు. నిమిషమునకు 180 అక్షరములు, అనగా ముప్పది మాటలు, గడియారపు లోలకము వలె గంటల తరబడి సాగవలెను. దగ్గు వచ్చినను యంత్రము ఆగదు. పియానో వాయించు నేర్పును, దాని ఆనందములేని పనియును ఇందు కలిసినవి. 20వ శతాబ్ది తొలి దశకములలో మన దేశపు ముఖ్య తంతి మార్గములలోను ఈ పద్ధతి నడచినది. తాళము కుదిరినది, కాని దానికి లోబడినవాడు మనిషి.

బోదో 1903లో మరణించెను. తీగలో సెకనునకు ఎన్ని గుర్తులు పోవునో కొలుచు ప్రమాణమునకు ఆయన పేరుమీదనే 'బాడ్' అని నామకరణము చేసిరి. చిన్న గుమాస్తాగా చేరిన ఉద్యోగి పేరు ఇట్లు ఒక ప్రమాణమై నిలుచుట అరుదు.

మనిషి కొఱకు ఆగిన యంత్రము

1910 ప్రాంతమున అమెరికాలోని చికాగో నగరమున చార్లెస్ క్రమ్, ఆయన కుమారుడు హోవర్డ్ క్రమ్ ఈ చిక్కును మరియొక వైపునుండి విప్పిరి. రెండు యంత్రములు దినమంతయు ఏకతాళమున నుండవలసిన అవసరమేమి? ఒక్క అక్షరము దాటునంత సేపు కలిసియున్న చాలదా? ఈ ఆలోచననుండి పుట్టినదే స్టార్ట్-స్టాప్ పద్ధతి. ఐదు గుర్తులకు ముందు 'ఇదిగో మొదలు' అను గుర్తును, చివర 'ఇంతటితో ముగిసినది' అను గుర్తును చేర్చిరి. మొదటి గుర్తు అందగానే ఆవలి యంత్రము కదలును. ఐదు గుర్తులను చదువును. ముగింపు గుర్తు వద్ద ఆగి, తరువాతి పిలుపుకై వేచియుండును.

ఈ చిన్న మార్పు ఎంత గొప్పదో లెక్క వలన తెలియును. అంతర్జాతీయముగా వాడుకలోనికి వచ్చిన 50 బాడ్ టెలిప్రింటరులో ఒక్కొక్క గుర్తు 20 మిల్లీసెకనులు. మొదలుకు ఒక భాగము, అక్షరమునకు ఐదు, ముగింపునకు ఒకటిన్నర. వెరసి ఏడున్నర భాగములు, అనగా 150 మిల్లీసెకనులు. నిమిషమునకు 400 అక్షరములు. రెండు మోటారుల వేగములలో వేయింటికి ఒక పాలు తేడా యున్నదనుకొందము. దిద్దుబాటు లేనిచో 500 గుర్తులు గడచునప్పటికి అర గుర్తు తేడా వచ్చును. పది సెకనులలో వార్త చెడును. స్టార్ట్-స్టాప్ పద్ధతిలో ప్రతి అక్షరముతో లెక్క మొదటికి వచ్చును. ఐదవ గుర్తు నడుమకు చేరుటకు ఐదున్నర భాగములే పట్టును. అంతలో అర భాగము తప్పకున్న చాలును. అనగా సిద్ధాంతరీత్యా వేగములో పదునొకండింట ఒక పాలు తేడా యున్నను అక్షరము నిలుచును. పాత తప్పు క్రొత్త అక్షరమునకు అంటదు.

దీనివలన మనిషికి కలిగిన మేలు మరింత గొప్పది. టైపు తెలిసిన వారెవరైనను ఈ యంత్రము ముందు కూర్చుండవచ్చును. ఆలోచించుకొనుటకు ఆగిన యంత్రమును ఆగును. చప్పుడు కొఱకు చెవి యొగ్గి కూర్చుండు శిక్ష తప్పినది. ఏడున్నరలో రెండున్నర భాగములు మొదలు, ముగింపులకే ఖర్చగుచున్నవి, నిజమే. ఆ మూడవ వంతు మనిషి స్వేచ్ఛకు చెల్లించిన మూల్యము. పత్రికాలయములలో, రైల్వే కార్యాలయములలో, తంతి కార్యాలయములలో టెలిప్రింటరుల టకటక ధ్వని ఒక తరము వారికి పరిచితము. వానిని ఈ దేశముననే నిర్మించుటకు 1960లో మదరాసున హిందూస్థాన్ టెలిప్రింటర్సు అను ప్రభుత్వ సంస్థ ఏర్పడెను.

లెక్కల యంత్రమున ఒకే నగారా

ఒక్క గది లోపలనే వేల భాగములుగల గణనయంత్రము వచ్చినప్పుడు తాళపు సమస్య క్రొత్త రూపము దాల్చెను. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1946లో లోకమునకు చూపబడిన ఎనియాక్ యంత్రమున సుమారు 18 వేల వాల్వులు కలవు. అందు ఒక ప్రత్యేక విభాగము సెకనునకు లక్ష పల్సులను పుట్టించి తక్కిన విభాగములన్నిటికి పంపుచుండెను. ఒక్క కూడికకు 20 పల్సులు. కావున సెకనునకు ఐదు వేల కూడికలు. దండులో నగారా మ్రోగగా అడుగులు పడినట్లు విభాగములన్నియు ఆ దెబ్బకే కదలెడివి. లోపము వెదకవలసి వచ్చినప్పుడు ఆ నగారాను ఆపి ఒక్కొక్క పల్సును చేతితో విడుచుటకును ఏర్పాటుండెను. అట్లు కాలమును అడుగడుగున నడిపించి తప్పు ఎచ్చట నున్నదో పరిశీలించెడివారు.

ఈ పల్సు ఏమి చేయును? యంత్రములో ఒక్కొక్క బిట్టును, అనగా ఒక్కొక్క ఒకటినో సున్నానో, నిలుపుకొను చిన్న వలయమును ఫ్లిప్‌ఫ్లాపు అందురు. దీని మూలరూపమును ఇంగ్లండున ఎక్లెస్, జోర్డాన్ అను నిద్దరు 1918లో పేటెంటు చేసిరి. లెక్క జరుగుచున్నంత సేపు తీగలలోని విలువలు అటునిటు ఊగులాడును. ఒకటి ముందు, ఒకటి వెనుక వచ్చును. అవి నిలకడ చెందిన పిదప క్లాకు పల్సు వచ్చి 'ఇప్పుడు చూడుడు' అని చెప్పును. ఫ్లిప్‌ఫ్లాపులన్నియు ఆ క్షణమున చూచిన దానిని పట్టుకొని తరువాతి పల్సు వరకు విడువవు. పల్సుకు పల్సుకు నడుమ ఎంత గందరగోళమున్నను చూచువారు లేరు గనుక హాని లేదు. క్లాకు ప్రయోజనమంతయు ఇందులోనే యున్నది.

మన దేశమున బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ స్వయముగా నిర్మించిన గణనయంత్రము 1960లో పనిలోనికి వచ్చెను. 1962లో నెహ్రూగారు దానికి టిఫ్రాక్ అని పేరు పెట్టిరి. తెలుగు నేలపై 1967లో హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1969లో టీడీసీ-12 అను యంత్రమును వెలువరించెను. నాటి నుండి క్లాకు పల్సు మన ఇంజనీర్ల చేతిపనిలోను భాగమైనది.

తీగ పొడవే కాలము

తాళము వేగము పెరిగినకొలది క్రొత్త శత్రువు ఎదురయ్యెను: దూరము. సెకనులో వందకోట్లవ వంతును నానోసెకను అందురు. ఆ కాలమున వెలుతురు సైతము ముప్పది సెంటీమీటర్లే పోగలదు. తీగలోని విద్యుత్ స్పందము అంతకంటె తక్కువ. అమెరికా నౌకాదళపు అధికారిణియు గణనశాస్త్ర ప్రవీణురాలును ఐన గ్రేస్ హాపర్ తన ఉపన్యాసములలో ఒక అడుగు తీగముక్కను చూపి "ఇది నానోసెకను" అని చెప్పెడిది. నగారా ఒక్కటే యైనను దగ్గరవానికి ముందు, దూరపువానికి వెనుక వినబడినచో అడుగులు కలియవు గదా!

1976లో వెలువడిన క్రే-1 అను మహాయంత్రమున క్లాకు పన్నెండున్నర నానోసెకనులకు ఒకమారు కొట్టెడిది. అందు ఏ తీగయు నాలుగడుగులకు మించరాదని నియమము. యంత్రమును అర్ధచంద్రాకారముగా వంచుటకు కారణము ఇదియే: లోపలి వైపున తీగలు పొట్టివగును. తీగలను లక్షిత పొడవునకు కత్తిరించి, చేతులతో అమర్చిన స్త్రీల ఓర్పు మీద ఆ వేగము నిలిచినది. దాని తరువాతి తరమునకు చెందిన క్రే యంత్రము ఒకటి 1980ల చివర ఢిల్లీలో వాతావరణ సూచనలకై నెలకొల్పబడినది.

యంత్రమంతయు ఒక్క చిప్పులో ఇమిడిన పిదప కూడ సమస్య తీరలేదు. క్లాకు తీగను ఆంగ్లమున హెచ్ అక్షరము వలె చీల్చి, ప్రతి శాఖను మరల అట్లే చీల్చి, ప్రతి కొనకు దూరము సమానమగునట్లు గీయుదురు. 1992లో వెలువడిన ఆల్ఫా అను చిప్పు సెకనునకు 20 కోట్ల పల్సులతో నడచెను; దానికి పట్టిన విద్యుత్తులో నూటికి సుమారు 40 పాళ్లు క్లాకును మోయుటకే ఖర్చయినది. పని లేని భాగములకు క్లాకును ఆపివేయు పద్ధతి ఇందువలననే బలపడినది. ఫోను బ్యాటరీ సాయంకాలము వరకు నిలుచుటకు ఆ పొదుపును ఒక కారణము.

వార్తలోనే దాగిన తాళము

ఒకే పెట్టెలోని రెండు చిప్పులు మాటాడుకొనుటకు ఒక తీగపై వార్తను, పక్క తీగపై క్లాకును పంపుట సులువు. 1982లో ఫిలిప్సు సంస్థ రూపొందించిన రెండు తీగల పద్ధతి ఇట్టిదే. నేటికిని వాడుకలో నున్నది. కాని ఊరికి ఊరికి నడుమ క్లాకు కొఱకు ప్రత్యేకముగా తీగ వేయుట ఎవరికి సాధ్యము? వేసినను రెండు తీగలలో పల్సులు సరిగా ఒకే వేళకు చేరునను నమ్మకము లేదు. అప్పుడు హ్యూజు సూత్రము మరల తలయెత్తెను: వార్తయే తాళమును మోయవలెను.

1940ల చివర ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున గణనయంత్రముల పనిలో వచ్చిన సంకేత పద్ధతిలో ప్రతి బిట్టు నడుమను తీగలో ఒక మార్పు తప్పక జరుగును: పైనుండి క్రిందికైన ఒక విలువ, క్రిందినుండి పైకైన మరియొకటి. కావున వార్త ఏదైనను మార్పులు క్రమము తప్పక వచ్చుచుండును. వానినుండి అందుకొను యంత్రము తాళమును తెలిసికొనును. ఈథర్‌నెట్ అను కంప్యూటరు అనుసంధానము తొలిదశలో సెకనునకు కోటి బిట్లను ఈ పద్ధతిపైననే పంపినది. అసలు వార్తకు ముందు 64 బిట్ల ఆలాపన యుండును. అది శ్రుతి కలుపుకొనుటకే.

1962లో అమెరికాలోని బెల్ సంస్థ నెలకొల్పిన టీ-1 మార్గము మరియొక చక్కని ఉదాహరణము. 24 సంభాషణలను సెకనునకు 8,000 పర్యాయములు తునియలు చేసి, ఒక్కొక్క తునియను ఎనిమిది బిట్లుగా మార్చి, వరుసకు ఒక బిట్టును చేర్చగా 193 బిట్లగును. వెరసి సెకనునకు 15,44,000 బిట్లు. ఇంచుమించు మైలునకు ఒక పునర్జనకము నుంచిరి. నీరసించి వచ్చిన పల్సులను అది క్రొత్త పల్సులుగా మరల పుట్టించి పంపును. ఏ క్షణమున పుట్టించవలెను? అందున్న శ్రుతివలయము వచ్చిన ప్రతి పల్సుకును గుడిగంట వలె మ్రోగును. దెబ్బకు దెబ్బకు నడుమను ఆ మ్రోత కొంతసేపు నిలుచును. ఆ మ్రోతయే గడియారము. కాని చాలసేపు దెబ్బ లేనిచో గంట మ్రోత అడగును. అందుచే వరుసగా పదునైదు సున్నలకు మించి రారాదని నియమము పెట్టిరి. మౌనము మితిమీరినచో తాళము పోవును.

రెండు తాళములు కలిసినచోట

ఇంత చేసినను ఒక చిక్కు మిగిలినది. ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క క్లాకు. అవి కలిసికొనునప్పుడు ఎవరి మాట చెల్లును? ఒక ఫ్లిప్‌ఫ్లాపు చూచు క్షణముననే బయటనుండి వచ్చు బిట్టు మారినదనుకొందము. అది ఒకటియు కాదు, సున్నయు కాదు. గోడమీది పిల్లి వలె అటో ఇటో తేల్చుకొనక నిలుచును. ఎంతసేపు నిలుచునో ముందుగా చెప్పుటకు వీలు లేదు. ఇట్టిది జరుగునని పెక్కుమంది ఇంజనీర్లు నమ్మని కాలమున, 1973లో, సెయింట్ లూయిస్ నగరమున ఛేనీ, మోల్నార్ అను నిద్దరు దీనిని ప్రయోగముచే చూపి వ్యాసము ప్రకటించిరి. దీనిని పూర్తిగా తొలగించుట అసాధ్యము. రెండు ఫ్లిప్‌ఫ్లాపులను వరుసగా నుంచి, పిల్లి దూకుటకు ఒక పూర్తి పల్సు వ్యవధి నిచ్చుటయే ఉపాయము. అపాయము ఏండ్లకొకమారు కూడ రానంతగా తగ్గును.

దేశవ్యాప్తములగు టెలిఫోను మార్గములలో ఇదే చిక్కు పెద్దదై కనబడును. అంతర్జాతీయ నియమము ప్రకారము మూలగడియారము పదివేల కోట్లలో ఒక పాలు మించి తప్పరాదు. అంతర్జాతీయ మార్గమునకు రెండు కొనలయందలి అట్టి రెండు గడియారములు ఎదురెదురు దిక్కులకు తప్పినను, సెకనులో ఎనిమిది వేలవ వంతగు ఒక వరుస జారిపోవుటకు సుమారు 72 దినములు పట్టును. రోనాల్డ్సు తోటలోని గడియారములకును వీనికిని నడుమ మానవుని శ్రమ ఎంత కలదో ఈ ఒక్క సంఖ్య చెప్పును.

2013 జూలై 15న మన దేశమున తంతివార్తల సేవ నిలిచిపోయినది. ఆ కార్యాలయములు లేవు. ఆ యంత్రములు మూలబడినవి. కాని టెలిప్రింటరు పద్ధతి మరణించలేదు. 1971 ప్రాంతమున ఆ మొదలు, ముగింపు గుర్తుల పనినంతయు ఒక్క చిప్పులో ఇమిడ్చిరి. నేడు ఇంటి విద్యుత్ మీటరు మొదలు ఉపగ్రహముల స్థానమును తెలుపు చిన్న పరికరముల వరకు ఎన్నో యంత్రములు ఆ పద్ధతిలోనే మాటాడుచున్నవి: 'ఇదిగో మొదలు', కొన్ని గుర్తులు, 'ఇంతటితో ముగిసినది'. యంత్రము మనిషి కొఱకు ఆగుట నేర్చుకొనిన నాటి పద్ధతియే, మనిషి లేనిచోట కూడ, యంత్రమునకును యంత్రమునకును నడుమ మర్యాదగా నిలిచినది.